మాంసంలో మిగిలే తూటా

ద్రాక్షారామంలో రైఫిల్‌తో కొట్టే పెద్ద జంతువు ఒక్కటీ లేదు. భీమేశ్వరస్వామి గుడి దాటి ఏ దిక్కుకు పోయినా వరిచేలు, కొబ్బరితోటలు, కాలవగట్లు. దక్షిణంగా పోతే కోటిపల్లి రేవు, ఆ పైన గౌతమి. ఇలాంటి చోట కూర్చుని వేటగుండు ఏ లోహంతో చేసిందై ఉండాలో రాయడం కొందరికి విడ్డూరంగా తోచొచ్చు. కానీ ఈ చుట్టుపక్కల అమెరికాలో పిల్లలు లేని వీధిని వెతుక్కోవాలి. వాళ్ళలో కొందరు అక్కడ లైసెన్సు తీసుకుని శీతకాలంలో జింకలను, టెక్సస్‌లోనైతే ఏడాది పొడుగునా అడవిపందులను వేటాడుతున్నారు. ఆ మాంసం ఇగురై, వేపుడై, ఖీమా ఉండలై పిల్లల కంచాల్లోకి వస్తోంది. ఆ మాటకొస్తే కంచంలోకి సీసం రావడం గోదావరి జిల్లాలవాళ్ళు ఎరగని భయమూ కాదు.

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రక్తనమూనాలు ఎయిమ్స్‌కు వెళ్తే సీసం, నికెల్ ఉన్నట్టు తేలింది. తర్వాతి పరిశీలనల్లో అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది గానీ, ఆ నాలుగు రోజులూ సీసం అనే మాట టీకొట్టు బల్లల మీద కూడా నలిగింది. పాత బ్యాటరీలన్నారు, మంచినీళ్ళన్నారు, కూరగాయలన్నారు. తుపాకీ గుండు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, రావలసిన అవసరమూ అప్పుడు లేదు. వేట చట్టబద్ధంగా సాగే దేశాల్లో మాత్రం సీసం ఇంట్లోకి వచ్చే దారుల్లో అదీ ఒకటని ఇరవై ఏళ్ళుగా శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు.

సీసాన్ని తుపాకీకి ఎందుకు ఎంచుకున్నారో తెలిస్తే దాన్ని వదలడం ఎందుకు కష్టమో కూడా తెలుస్తుంది. ఘన సెంటీమీటరు సీసం బరువు 11.3 గ్రాములు, అదే రాగి దాదాపు 9 గ్రాములే. గుండు బరువుగా ఉంటే గాలి దాన్ని అంత తొందరగా ఆపలేదు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పొయ్యి మీద మూకుడు పెట్టుకుని అచ్చు పోసుకోవచ్చు. మెత్తన కాబట్టి, గుండును తిప్పడానికి గొట్టం లోపల చెక్కిన మెలిగాళ్ళలో చక్కగా ఒదుగుతుంది. పైగా చవక. ఇన్ని సుగుణాలున్న లోహాన్ని కాదనడానికి గట్టి కారణమే కావాలి.

గుండు వేగం పెరిగేసరికి ఒట్టి సీసం తట్టుకోలేకపోయింది. గొట్టంలోనే అరిగి, గాళ్ళకు అతుక్కుపోయేది. 1882లో ఎడ్వర్డ్ రూబిన్ అనే స్విస్ సైనికాధికారి సీసానికి రాగి తొడుగు వేశాడు. తొడుగున్న గుండు వేగంగా పోయింది గానీ ఒంట్లో దూరి, ఆకారం చెడకుండా అవతలికి వచ్చేసేది. అలాంటి గుండు సైన్యానికి చాలదనుకుని 1890ల్లో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో బ్రిటిష్‌వాళ్ళు మొన దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటికి వదిలారు. తగలగానే అది లోపల విచ్చుకుని గాయాన్ని పెద్దది చేసేది. ఆ క్రూరత్వం మీద గొడవ లేచి, 1899లో హేగ్ ఒప్పందం యుద్ధంలో విచ్చుకునే గుళ్ళను నిషేధించింది. వేటలో మాత్రం న్యాయం తిరగబడింది. విచ్చుకోని గుండుతో కొడితే జంతువు గాయంతో మైళ్ళకొద్దీ పరిగెత్తి, ఎక్కడో పొదల్లో రోజుల తరబడి చస్తుంది. అందుకే జింకల వేటకు విచ్చుకోని గుళ్ళు వాడకూడదని అమెరికాలో చాలా రాష్ట్రాల నిబంధన. డమ్‌డమ్‌లో పుట్టిన ఆ ఊహే ఇప్పటికీ ప్రపంచమంతటా వేటగాళ్ళ తూటాల్లో ఉంది: పైన పల్చని రాగి, లోపల సీసం, మొన దగ్గర మెత్తదనం.

చిక్కంతా ఆ విచ్చుకోవడంలోనే ఉంది. సెకనుకు ఏడెనిమిది వందల మీటర్ల వేగంతో వచ్చే సీసం పక్కటెముకను తాకితే, తడి మట్టిముద్దను గోడకేసి కొట్టినట్టు చిందుతుంది. అసలు ముద్ద ముందుకు పోతుంది, చిందులు చుట్టూ పడతాయి. 180 గ్రెయిన్ల గుండు అంటే పదకొండు గ్రాముల పైచిలుకు. మామూలు సీసపు గుండు ఒంట్లోంచి పోయేలోగా తన బరువులో మూడో వంతు దాకా పోగొట్టుకోవడం వింత కాదు. అంటే మూడు నాలుగు గ్రాముల సీసం ఆ జంతువులోనే ఉండిపోతుంది. అందులో కంటికి కనిపించేది కొంతే. మిగతాది ఇసుకరేణువుకన్నా చిన్నది, పంటికింద పడ్డా తెలియదు. గాయం నుంచి జానెడు దూరం దాటి కూడా ఆ రేణువులు కండలో దొరుకుతాయి. గాయం చుట్టూ నల్లగా కమిలిన మాంసం కోసి పారేస్తే సరిపోతుందన్న వేటగాళ్ళ నమ్మకం అందుకే నిలబడదు.

ఇది లెక్క తేలిన సంగతి. 2009లో అమెరికాలోని పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థ పరిశోధకులు వ్యోమింగ్‌లో మామూలు పద్ధతిలో వేటాడిన 30 జింకలకు ఎక్స్‌రే తీశారు. ఒక్కో కళేబరంలో సగటున 136 లోహపు తునకలు కనిపించాయి. కొన్నింటిలో పదిహేనే ఉంటే, ఒకదాంట్లో నాలుగువందలు దాటాయి. తర్వాత ఆ జింకలను మాంసం కొట్టే దుకాణాలకు ఇచ్చి, ఎప్పటిలాగే కోసి పొట్లాలు కట్టమన్నారు. ఖీమా పొట్లాల్లో మూడింట ఒకదాంట్లో లోహం బయటపడింది. అక్కడితో ఆగకుండా ఆ మాంసాన్ని పందులకు పెట్టారు. పంది జీర్ణవ్యవస్థ మన జీర్ణవ్యవస్థకు దగ్గరగా ఉంటుంది. మామూలు మేత తిన్న పందుల రక్తంలో డెసిలీటరుకు 0.63 మైక్రోగ్రాముల సీసం ఉంటే, జింక మాంసం తిన్నవాటిలో రెండో రోజుకల్లా 2.29కి చేరింది. లోహపు తునక కడుపులోంచి అలాగే బయటికి పోతుంది, ఒంటికి పట్టదు అనేవాళ్ళకు ఈ అంకెకన్నా జవాబు అక్కర్లేదు.

దానికి ఏడాది ముందే నార్త్ డకోటాలో పెద్ద అలజడి జరిగింది. వేటగాళ్ళు పేదలకోసం ఇచ్చిన జింకమాంసం పొట్లాలను విలియం కార్నాట్జర్ అనే డాక్టరు సీటీ స్కాన్‌లో పెట్టి చూస్తే సగానికి పైగా పొట్లాల్లో లోహం మెరిసింది. దానం చేసిన మాంసాన్ని పంచొద్దని అధికారులు ఆపేశారు. తర్వాత అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఆ రాష్ట్రంలో 738 మంది రక్తం పరీక్షించింది. వేటమాంసం తినేవాళ్ళలో సీసం 0.30 మైక్రోగ్రాములు ఎక్కువగా ఉంది. చిన్న తేడానే. ఎవరూ మూర్ఛొచ్చి పడిపోలేదు. ఇంత తక్కువ మోతాదులో సీసం అలా పడగొట్టి చంపదు కూడా. అది ఒంట్లో కాల్షియం వేషం వేస్తుంది. కాల్షియం వెళ్ళే దారులన్నింట్లోనూ చొరబడుతుంది, నరాల సందేశాలను చెడగొడుతుంది, చివరికి ఎముకల్లో చేరి దశాబ్దాలపాటు తిష్ఠ వేస్తుంది. గర్భం వచ్చినప్పుడు తల్లి ఎముకల్లోంచి కాల్షియంతోపాటు అదీ కరిగి బిడ్డకు చేరుతుంది. పెద్దవాళ్ళ పేగు మింగిన సీసంలో పదో వంతును పీల్చుకుంటే, చిన్నపిల్లల పేగు సగం దాకా పీల్చుకుంటుంది. ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

మన వంటకు ఇంకో సంగతి వర్తిస్తుంది. స్పెయిన్ పరిశోధకులు సీసపు గుళ్ళున్న పిట్టమాంసాన్ని రెండు మూడు రకాలుగా వండి చూశారు. వెనిగర్ పోసి వండిన మాంసంలో, ఒంటికి పట్టే రూపంలోకి మారిన సీసం బాగా పెరిగింది. పులుపు లోహాన్ని కరిగిస్తుంది, అంతే. చింతపండు పులుపూ పులుపే, పెరుగులో రాత్రంతా నానబెట్టినా పులుపే. జింక తొడను గోంగూరతో వండుకునే మన డాలస్, హ్యూస్టన్ వంటిళ్ళలో ఈ ముక్క గోడకు అంటించుకోవాలి.

మనుషుల కన్నా ముందు ఈ విషం సంగతి పక్షులు చెప్పాయి. అమెరికాలో వేటగాడు జింక పేగులు, ఊపిరితిత్తులు అడవిలోనే వదిలి మాంసం మోసుకుపోతాడు. గుండు దిగేది ఛాతీలోకి కాబట్టి చిందిన సీసంలో పెద్ద వాటా ఆ వదిలేసిన కుప్పలోనే ఉంటుంది. కాలిఫోర్నియా కాండార్ అనే పెద్ద రాబందు దాన్ని తిని బతుకుతుంది. 1982 నాటికి ఆ జాతిలో మిగిలినవి 22 పక్షులే. అన్నింటినీ పట్టి, పిల్లలు చేయించి, 1992 నుంచి మళ్ళీ అడవిలోకి వదిలారు. అయినా వాటి చావులకు మొదటి కారణం సీసమే. సీసం ఎక్కిన కాండార్ మెడసంచి కదలడం మానేస్తుంది. తిన్న తిండి అక్కడే కుళ్ళిపోతూ, కడుపునిండా మేతతో పక్షి ఆకలికి చచ్చిపోతుంది. పట్టుకుని, సీసాన్ని బయటికి లాగే మందు ఎక్కించి, కోలుకున్నాక వదిలితే మళ్ళీ అదే కుప్ప మీద వాలుతుంది. చివరికి కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా మాన్పించింది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం 38 రాష్ట్రాల నుంచి 1,210 గద్దలను పరీక్షిస్తే, దాదాపు సగం పక్షుల ఎముకల్లో చాలాకాలంగా పేరుకున్న సీసం బయటపడింది.

మనకూ రాబందుల కథ ఒకటి ఉంది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ చచ్చిన పశువు మాంసంలో ఉండిపోయి, అది తిన్న రాబందుల కిడ్నీలు చెడి అవి లక్షల్లో చచ్చాయి. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించేసరికే ఆలస్యమైంది. తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవిలో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట కొండచరియల మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకుంటున్నట్టు 2013లో కనిపెట్టారు. పెద్దవాగు ప్రాణహితలో కలుస్తుంది, ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గుట్ట కింద పారే నీళ్ళే కోటిపల్లి రేవుకొస్తాయి. ఇక్కడ మందు చేసిన పని అమెరికాలో సీసం చేస్తోంది, దారి మాత్రం ఒకటే: ఒకరు వాడింది కళేబరంలో మిగలడం, దాన్ని ఇంకొకరు తినడం.

బాతుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. బాతుకు పళ్ళు లేవు, కందనకాయే దాని తిరగలి. గింజలు నలగడానికి చిన్న రాళ్ళు ఏరి మింగుతుంది. వేటగాళ్ళ తుపాకుల నుంచి రాలి బురదలో పడి ఉన్న చిన్న సీసపు గుండుకూ గులకరాయికీ దానికి తేడా తెలియదు. కందనకాయలో రాయి అరిగినట్టే సీసం అరిగి రక్తంలోకి పోతుంది. ఒకటి రెండు గుళ్ళు చాలు. అమెరికా 1991 నుంచి నీటిపక్షుల వేటలో సీసపు గుళ్ళను ఆపేసింది. ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడినేలల్లో వాడొద్దంది. హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్ 1987లో గాలానికి కట్టే చిన్న సీసపు బరువుల అమ్మకం కూడా మాన్పించింది. ఇక్కడ మన గౌతమి ఒడ్డున విసురువల అంచుకు వేలాడేవి సీసపు గుళ్ళే. వల విసిరేవాళ్ళు చాలామంది అంచును ఒకచోట పళ్ళతో పట్టి, రెండు చేతులతో మిగతాది విప్పి, ఒక్కసారి నడుం తిప్పి వదులుతారు. ఆ పళ్ళ మధ్య ఉండేది తాడైతే సరే, గుండైతే సరికాదు. పాత సీసం కరిగించి ఇంటి పెరట్లోనే గుళ్ళు పోసుకునేవాళ్ళుంటే పిల్లలను ఆ చాయలకు రానివ్వకూడదు.

ఇప్పుడు రాగి గుండు దగ్గరికొద్దాం. 1980ల్లో బార్న్స్ అనే తూటాల కంపెనీ యజమాని రాండీ బ్రూక్స్‌కు సీసాన్ని పూర్తిగా తీసేసి ఒంటి ముక్క రాగితో గుండు చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. 1989లో ఎక్స్ బుల్లెట్ బజారుకొచ్చింది. అప్పట్లో ఆయన తలలో ఉన్నది రాబందులు కావు, పర్యావరణమూ కాదు. పెద్ద ఎలుగుబంటిని కొట్టినా చెదరని గుండు కావాలి, అంతే. మొన దగ్గర చిన్న బోలు ఉంటుంది. ఒంట్లోని నీరు ఆ బోలులోకి దూసుకొచ్చి లోపలి నుంచి నొక్కితే రాగి నాలుగు రేకలుగా వెనక్కి విచ్చుకుంటుంది. ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు గుండు దాదాపు రెండింతల వెడల్పవుతుంది. రేకలు తెగిపోవు కాబట్టి నూటికి తొంభై అయిదు పాళ్ళ బరువు దానితోనే ఉంటుంది. మొదటి గుళ్ళు గొట్టంలో రాగి పూత వదిలేవి, గురి చెడేది. 2003లో ఒంటి చుట్టూ గాళ్ళు పెట్టి ఆ బాధ తగ్గించారు. ఇప్పుడు హోర్నడీ, నోస్లర్, ఫెడరల్ కంపెనీలన్నీ తమ తమ రాగి గుళ్ళు చేస్తున్నాయి. ఏది గొప్పది అనే వాదనలో నాకు ఆసక్తి లేదు. నీ రైఫిల్‌కు ఏది నప్పితే అదే గొప్పది.

మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉంటాడు, .308 రైఫిల్‌తో అడవిపందుల వేటకు వెళ్తాడు. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి వీడియో కాల్‌లో తూటా డబ్బా తెచ్చి చూపించాడు.

"మనవి రాగివే బాబాయ్. చూడు, ఎలా మెరుస్తున్నాయో."

"డబ్బా మీద ఏం రాసుందిరా?"

"కాపర్ జాకెటెడ్ సాఫ్ట్ పాయింట్."

"అది పైతొడుగేరా అబ్బాయ్. లోపలంతా సీసమే. మొన దగ్గర బూడిదరంగు కనబడట్లేదూ?"

కాసేపు మాట్లాడలేదు వాడు. ఈ పొరపాటు వాడొక్కడిదే కాదు. కంటికి రాగిలా కనిపించే వేటగుళ్ళలో చాలావాటి లోపల ఉండేది సీసమే. డబ్బా మీద లెడ్-ఫ్రీ అనో, మోనోలిథిక్ అనో, వంద శాతం కాపర్ అనో స్పష్టంగా ఉండాలి. అదొక్కటే గుర్తు.

రెండోది బరువు. రాగి తేలిక కాబట్టి అదే బరువు గుండు రాగితో చేస్తే పొడుగవుతుంది. పొడుగు గుండు గాలిలో తల ఊపకుండా పోవాలంటే గొట్టం దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి. గొట్టం లోపలి మెలిగాళ్ళు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది రైఫిల్‌కు పుట్టుకతో వచ్చే లక్షణం, మార్చలేం. .308 రైఫిళ్ళలో పదంగుళాల మెలి, పన్నెండంగుళాల మెలి రెండూ ఉన్నాయి. పన్నెండంగుళాలదైతే బరువైన రాగి గుండు నిలకడగా పోకపోవచ్చు. అందుకే సీసంలో 180 గ్రెయిన్లు వాడేవాళ్ళు రాగిలో 150కో 165కో దిగాలి. తేలికైనదాంతో పెద్ద జంతువు పడుతుందా అని బెంగ అక్కర్లేదు. సీసపు గుండు దారిలో ఒళ్ళు పోగొట్టుకుని చివరికి మిగిలే బరువుకన్నా, చెదరని రాగి గుండు మోసుకుపోయే బరువే ఎక్కువ. పైగా తేలిక గుండు వేగంగా బయల్దేరుతుంది.

ఆ వేగమే మూడో సంగతి, ముఖ్యమైనదీ. సీసం మెత్తన కాబట్టి నెమ్మదిగా తగిలినా విచ్చుకుంటుంది. రాగి అలా కాదు. తగిలేటప్పటికి సెకనుకు 550 నుంచి 600 మీటర్ల వేగమైనా లేకపోతే చాలా రాగి గుళ్ళు ముడుచుకునే ఉండి, సన్నటి రంధ్రం చేసి అవతలికి పోతాయి. అప్పుడు జంతువుకు నరకం. ఈ హద్దు ఒక్కో గుండుకు ఒక్కోలా ఉంటుంది, తయారీదారు చెబుతాడు. .308లో 150 గ్రెయిన్ల గుండు సుమారు 850 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది కాబట్టి రెండువందల గజాల లోపు కొట్టేవాళ్ళకు చిక్కు లేదు. పొట్టి గొట్టం రైఫిల్, దూరపు గురి రెండూ కలిస్తేనే ఆలోచించాలి. రాగితో కొట్టేటప్పుడు భుజం ఎముక వైపు కాస్త ముందుకు గురిపెట్టమని అనుభవజ్ఞులు చెప్పేదీ ఇందుకే. ఎముక తగిలితే రేకలు విచ్చుకునే అవకాశం పెరుగుతుంది.

చివరిగా, సీసానికి సరిచేసిన గురి రాగికి పనికిరాదు. గొట్టం శుభ్రంగా తుడిచి, కొత్త గుళ్ళతో మైదానంలో మళ్ళీ గురి సరిచూసుకోవాలి. ఇవేవీ చేయకుండా సీజను ముందురోజు డబ్బా మార్చేసి, జింక తప్పించుకుంటే రాగిని తిట్టేవాళ్ళు చాలామంది. జర్మనీలో, డెన్మార్క్‌లో నిజమైన వేటల్లో రెంటినీ పోల్చి చూసినవాళ్ళకు జంతువు పడిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డెన్మార్క్ 1996లోనే సీసపు గుళ్ళ తూటాలు మానేసింది, 2024 ఏప్రిల్ 1 నుంచి రైఫిల్ గుళ్ళలోనూ సీసం లేదు. రాగి ఖరీదు ఎక్కువన్నది నిజం. పాత రకం తుపాకులకు డబ్బాలు దొరకడం కష్టమన్నదీ నిజమే. ఇక రాగి విషం కాదా అంటారా, ఆ కాస్త రాగి మాంసంలో మిగిలినా ఒంటికి చెరుపు చేసే లెక్కకు రాదని జర్మన్ పరీక్షలు తేల్చాయి.

నచ్చజెప్పడంతో కూడా ఈ పని అవుతుందనడానికి అరిజోనా సాక్ష్యం. కాండార్‌లు తిరిగే అడవుల్లో అక్కడి వన్యప్రాణి శాఖ 2005 నుంచి వేటగాళ్ళకు సీసం లేని తూటాలు ఉచితంగా ఇస్తోంది. చట్టం చేయలేదు, జరిమానా లేదు. నూటికి ఎనభైమందికి పైగా వాటిని వాడడమో, పేగుల కుప్పను అడవిలోంచి తీసేయడమో చేస్తున్నారు.

మన దేశంలో వేట లేదు కదా అంటే, పూర్తిగా లేకపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. అదే చట్టం 11వ సెక్షన్, మనుషులకో పంటకో ముప్పు తెచ్చే జంతువును చంపడానికి అనుమతి ఇచ్చే అధికారాన్నీ అధికారుల చేతిలో పెట్టింది. 2016లో బీహార్ మొకామాలో రెండువందలకు పైగా మనుబోతులను కాల్చడానికి వెళ్ళినవాళ్ళు హైదరాబాద్ షూటర్లే. తెలంగాణలో అడవిపందుల బెడద తట్టుకోలేక సర్పంచులకు గౌరవ సంరక్షకుల హోదా ఇచ్చి, ఎంపిక చేసిన షూటర్లతో కాల్పించే ఏర్పాటు జరిగింది. అడవిపంది ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను ఎలా దున్నేస్తుందో చూసిన రైతును నేను తప్పుపట్టలేను. లైసెన్సు మీద మన దగ్గర ఎక్కువగా దొరికేవి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .315 రైఫిల్, పన్నెండు బోరు తుపాకి. .315కు వచ్చే 244 గ్రెయిన్ల మెత్తమొన గుండు మళ్ళీ ఆ డమ్‌డమ్ సంతతే: రాగి తొడుగు, సీసపు కడుపు. కాల్చిన పంది పొలంగట్టున పడి ఉంటే కుక్కలు, గద్దలు, ఆసిఫాబాద్ వైపైతే రాబందులు కూడా దాని మీద వాలతాయి.

కాబట్టి పందిని కాల్చమని ఇచ్చే కాగితంలో ఎన్ని, ఎప్పుడు, ఎవరు అనేవాటితోపాటు గుండు ఏ లోహంతో చేసిందై ఉండాలో కూడా రాయాలని అటవీశాఖవాళ్ళకు నా విన్నపం. సీసం లేని గుండు దొరికేదాకా కళేబరాన్ని ఆ పూటే లోతుగా పూడ్చేయించండి. అమెరికాలో ఉన్న మన పిల్లలకు చెప్పేది ఇంకా చిన్నది. ఈసారి తూటాలు కొనేటప్పుడు రంగు చూడకుండా డబ్బా మీద అక్షరాలు చదవండి. కిందటి సీజనులో సీసపు గుండుతో కొట్టిన జింక ఖీమా ఫ్రీజర్‌లో ఇంకా మిగిలి ఉంటే చిన్నపిల్లలకూ కడుపుతో ఉన్నవాళ్ళకూ పెట్టకండి.